దిగుతున్న నౌకా, దిగిన నౌకా? అంతరిక్ష యుద్ధ ఆట రూపకర్తలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆట రూపకర్తలకు, ప్రచురణ సంస్థ సంపాదకవర్గానికి,

నమస్కారం.

మీ ఆట మాకు ఎంతో ఇష్టం. అంత ఇష్టం లేకపోతే మీ నిబంధనల పుస్తకం 31వ పేజీలో నౌకలు దిగడం, ఎగరడం గురించి ఉన్న పదకొండు పంక్తుల కోసం పదహారు నెలలుగా మీకు ఉత్తరాలు రాసేవాళ్ళం కాదు. మొదటి ఉత్తరానికి ‘మీ సందేశం అందింది’ అని యంత్రం పంపిన జవాబు ఒకటి వచ్చింది. రెండో ఉత్తరానికి, మూడో ఉత్తరానికి అది కూడా రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం. మీ సంస్థ పేరు, ఆట పేరు ఇందులో పెట్టడం లేదు. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టాలని మాకు లేదు, మాకు కావలసింది సమాధానం. 31వ పేజీ తెరిచి చూసిన ఆటగాళ్ళకు ఇది ఏ ఆట సంగతో వెంటనే తెలుస్తుంది.

నేను భౌతికశాస్త్రం చెప్పి విరమించిన ఉపాధ్యాయుణ్ణి. గుంటూరులో మా కాలనీ గ్రంథాలయంలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు బల్లలు కలిపి మీ పటం పరుస్తాం. ఆరో తరగతి నుంచి ఇంటర్మీడియట్ దాకా పద్నాలుగు మంది పిల్లలు, నలుగురు పెద్దలు వస్తారు. మొదటి పెట్టె డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడు తెచ్చాడు. రెండోది పిల్లలు చందాలు వేసుకుని తెప్పించుకున్నారు. సుంకం, రవాణా కలిపి తొమ్మిది వేల రూపాయలు దాటింది.

న్యూటన్ మొదటి సూత్రాన్ని ముప్పై ఏళ్ళపాటు బల్ల మీద బంతి దొర్లించి చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో అప్పజెప్పారు. మీ ఆటలో ఒక ఏడో తరగతి కుర్రవాడు ఇంజిను ఆపేసి, అయినా తన నౌక అదే వేగంతో పటం అంచు దాటిపోతుంటే నిర్ఘాంతపోయి, “మాస్టారూ, దీన్ని ఆపాలంటే వెనక్కి మండించాలా?” అని అడిగాడు. ఆ ప్రశ్న నేను చెప్పిన పాఠాలేవీ పుట్టించలేదు, మీ ఆట పుట్టించింది. ఆ కృతజ్ఞతతోనే మిగతాది రాస్తున్నాను.

చిక్కు మొదట అనువాదంలో బయటపడింది. చిన్న పిల్లల కోసం మీ 48 పేజీల నిబంధనల పుస్తకాన్ని తెలుగులో రాసుకున్నాం. 30 పేజీలు సాఫీగా సాగాయి. 31వ పేజీలో ‘ల్యాండింగ్’లో ఉన్న నౌకపై కాల్పులు జరపరాదు అనే వాక్యం దగ్గర కలం ఆగింది. మీ భాషలో ఆ మాట కిందికి దిగే పనికీ, దిగిన స్థితికీ రెండింటికీ సరిపోతుంది కాబోలు. తెలుగులో దిగుతున్న నౌక వేరు, దిగిన నౌక వేరు. రాయాలంటే ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. దిగుతున్న నౌకకే రక్షణ ఉంటే, ఓడిపోతున్న వాడు ప్రతిసారీ దగ్గరలోని గ్రహం వైపు ముక్కు తిప్పి తప్పించుకుంటాడు. దిగిన తర్వాతే రక్షణ అయితే, దిగే వంతులోనే నౌక అందరికంటే నిస్సహాయంగా ఉంటుంది, ఆ వంతుకు ముందే దారి చూసుకోవాలి. ఇవి రెండు వేర్వేరు ఆటలు. మీరు ఏది తయారు చేశారో మాకు తెలియదు. మేం రెండో అర్థాన్ని ఎంచుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, మీకు తొలి ఉత్తరం రాశాం.

మా పిల్లలకు దిగడం అంటే ఏమిటో బాగా తెలుసు. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఇదే గ్రంథాలయం గోడ మీద చంద్రయాన్-3 దిగడాన్ని చూశారు. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో మొదలైన విక్రమ్ నాలుగు దశల్లో వేగం తగ్గించుకుంటూ 6 గంటల 4 నిమిషాలకు నేలను తాకింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, చంద్రయాన్-2లోని విక్రమ్ అదే దారిలో నేలకు దాదాపు రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సంకేతాలు ఆగిపోయాయి. దిగడానికీ దిగి ఉండడానికీ మధ్య ఎంత జరగవచ్చో ఆ రెండు తేదీలు ఈ పిల్లలకు నేర్పాయి. అందుకే మీ పుస్తకంలో ఆ మధ్య భాగం ఖాళీగా ఉండడం వాళ్ళకు వెంటనే కనిపించింది.

ఇక గత జనవరిలో జరిగింది చెప్పాలి. సంక్రాంతి సెలవుల్లో నాలుగు కాలనీల పిల్లలకు పోటీ పెట్టాం. ఆఖరి ఆటలో తొమ్మిదో తరగతి అమ్మాయి సరుకు నౌకను ఉపగ్రహం మీది స్థావరానికి చేర్చాలి. మూడు ఇంధనం బిళ్ళలు మిగిలాయి. ఐదు వంతుల ముందు నుంచే వేగం లెక్క వేసుకుంటూ, ఒక్క బిళ్ళ వృథా కాకుండా, స్థావరం ఉన్న గడిలోకి నౌకను తెచ్చింది. అదే వంతులో ఎదుటి కుర్రవాడు కాల్పులు ప్రకటించాడు. తన నౌక దిగింది కాబట్టి కాల్చకూడదని ఆమె, వంతు ముగిసే దాకా అది దిగుతున్నట్టే లెక్క అని అతను. ఇద్దరూ మీ పుస్తకంలోని అదే వాక్యాన్ని చూపించారు. తీర్పు చెప్పవలసింది నేను. మేం ఎంచుకున్న అర్థం ప్రకారం కాల్పులు చెల్లుతాయన్నాను. పాచికలు పడ్డాయి, నౌక పోయింది.

ఆమె వాదించలేదు. “పుస్తకంలో అలా ఉంటే ఓడిపోయేదాన్నే మాస్టారూ, కానీ పుస్తకంలో అలా లేదు కదా” అని మాత్రం అంది. తర్వాత ఆరు ఆదివారాలు రాలేదు. ఆ రాత్రి మా మేనల్లుడికి ఫోను చేసి చెబితే, “మామయ్యా, మేం ఇక్కడ మొదటినుంచీ దిగుతున్న నౌకను కాల్చకూడదనే ఆడుతున్నాం” అన్నాడు. ఒకే పెట్టె, ఒకే పుస్తకం. అక్కడ ఆడి ఉంటే ఆ అమ్మాయి గెలిచేది.

మా సందేహాలు, వాటివల్ల ఆడేవాళ్ళకు కలుగుతున్న నష్టం కింద వరుసగా రాస్తున్నాను.

1. రక్షణ ఎప్పుడు మొదలవుతుంది? పైన చెప్పినదే. 9వ పేజీ ప్రకారం వంతులో గురుత్వం, ఇంజిను, కదలిక, కాల్పులు అనే నాలుగు అంకాలు ఉన్నాయి. గ్రహం గడిలోకి నౌక చేరేది మూడో అంకంలో. నాలుగో అంకంలో అది నేల మీద ఉన్నట్టా, గాలిలో ఉన్నట్టా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేక మా దగ్గర రెండు జట్లు ఏర్పడ్డాయి. మొదటి అర్థంతో ఆడే పిల్లలు రెండో అర్థంతో ఆడే పిల్లల బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. పన్నెండేళ్ళ పిల్లల మధ్య ఒక వాక్యం గోడ కట్టింది.

2. అసలు దిగడం సాధ్యమా? దీని మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే మీరు దీన్ని గమనించి ఉండరని నా నమ్మకం. 31వ పేజీలో, వంతు మొదట్లో వేగం సున్నాగా ఉన్న నౌక మాత్రమే దిగవచ్చు అన్నారు. 12వ పేజీలో, గురుత్వ గడిలో, అంటే గ్రహాన్ని ఆనుకుని చుట్టూ ఉన్న గడిలో, ఉన్న ప్రతి నౌకకూ వంతు మొదట్లోనే గ్రహం వైపు ఒక గడి వేగం (వంతుకు ఒక గడి కదలిక) చేరుతుంది అన్నారు. వేగాన్ని గురుత్వం చేరాక కొలవాలంటే, అప్పటికి అది సున్నా కావాలి. అలా కావాలంటే గురుత్వం చేరక ముందు ఆ నౌకకు గ్రహానికి సరిగ్గా ఎదురు దిశలో ఒక గడి వేగం ఉండాలి. ఆ వేగంతో ఆ గడిలోకి వచ్చిందంటే, అంతకు ముందు వంతులో గ్రహం గడిలోనే ఉండి ఉండాలి. అంటే మీ నియమం ప్రకారం అప్పుడే ఎగిరిన నౌక తప్ప మరే నౌకా దిగలేదు! ఇది కనిపెట్టింది ఎనిమిదో తరగతి అబ్బాయి. నేను నల్లబల్ల మీద మూడుసార్లు వేసి చూశాను, తప్పు దొరకలేదు.

పోనీ, గురుత్వం చేరక ముందే కొలవాలి అనుకుందాం. అప్పుడు సున్నా వేగంతో ఉన్న నౌక గురుత్వం వల్ల ఒక గడి వేగంతో గ్రహం గడిలోకి వెళుతుంది. 14వ పేజీ ఏమంటోంది? వేగంతో గ్రహం గడిలోకి ప్రవేశించిన నౌక ధ్వంసమవుతుంది అంటోంది. దిగే నౌకకు మినహాయింపు ఉందని ఎక్కడా లేదు. ఒక దారిలో దిగలేం, రెండో దారిలో బతకలేం. కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడే విసుగెత్తి లేచిపోతున్నారు. ఆట కష్టంగా ఉంటే పిల్లలు భరిస్తారు, కష్టమంటే వాళ్ళకు సరదా కూడా. ఏం చేసినా తప్పే అయితే ఎవరూ భరించరు.

3. ఎగరడానికి ఎన్ని బిళ్ళలు? గ్రహం పరిమాణాన్ని బట్టి అని 31వ పేజీ, వెనక అట్ట మీది పట్టిక చూడమని అక్కడే సూచన. పట్టికలో పెద్ద గ్రహం, చిన్న గ్రహం ఉన్నాయి, ఉపగ్రహం లేదు. మీరిచ్చిన తొమ్మిది ఘట్టాలలో నాలుగు ఉపగ్రహాల మీదే ముగుస్తాయి. కొందరు చిన్న గ్రహం లెక్కనే వాడుతున్నారు, కొందరు ఉచితం అంటున్నారు. భూమిని, చంద్రుణ్ణి ఒకే గాట కట్టడం మా పిల్లల మనసుకు ఎక్కదు. భూమి ఆకర్షణను పూర్తిగా తప్పించుకోవడానికి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, చంద్రుడి దగ్గర 2.4 కిలోమీటర్లు చాలు. అపోలో యాత్రికులను భూమి నుంచి లేపడానికి 110 మీటర్ల శాటర్న్-5 రాకెట్ కావలసి వచ్చింది. చంద్రుడి మీద నుంచి లేవడానికి వాళ్ళ వాహనంలో పై భాగం ఒక్కటే సరిపోయింది, దిగిన ఇంజినుతో సహా కింది భాగం అక్కడే ఉండిపోయింది. మన విక్రమ్ కూడా 2023 సెప్టెంబరు 3న ఇంజిన్లు మళ్ళీ వెలిగించి 40 సెంటీమీటర్లు లేచి, పక్కకు దిగింది. మీ ఆట నిజానికి అచ్చుగుద్దినట్టు ఉండాలని మేం అడగడం లేదు. ఉపగ్రహానికి రెండు బిళ్ళలంటే రెండు, సున్నా అంటే సున్నా. ఏదో ఒకటి అచ్చు వేయండి.

4. ఎగిరిన నౌక ఏ గడిలో తేలుతుంది? చుట్టూ ఆరు గురుత్వ గడులు ఉన్నాయి. స్థావరానికి ఎదురుగా ఉన్నదానిలోనా, ఆటగాడు కోరుకున్నదానిలోనా? కోరుకునే హక్కు ఉంటే దాన్ని ముందే ప్రకటించాలా? ముందే ప్రకటిస్తే శత్రువు ఆ గడిలో మందుపాతర పెట్టి కాచుకుంటాడు, స్థావరంలోకి దిగిన ప్రతి నౌకకూ అది సమాధే అవుతుంది. ఎగిరిన వంతులోనే ఆ నౌక కాల్పులు జరపవచ్చా అన్నది కూడా లేదు. మా దగ్గర వారానికి ఒక్కసారైనా ఆట ఇక్కడ ఆగిపోతుంది. కరెంటు పోయేలోగా, గ్రంథాలయం మూసేలోగా ముగించాల్సిన ఆటలో ఇరవై నిమిషాలు వాదనకు పోతున్నాయి.

5. దెబ్బతిన్న నౌక దిగితే పాచిక వేయాలన్నారు. పాచిక తప్పితే నౌక పోతుంది, సరే. అదే స్థావరంలో అంతకు ముందే ఉన్న స్నేహ నౌక సంగతి?

‘ఆటే కదా, మీలో మీరు ఒప్పందం చేసుకోండి’ అని మీకు అనిపించవచ్చు. చేసుకున్నాం. గోడ మీద అంటించుకున్నాం కూడా. కానీ ఒప్పందం ఒక బల్ల చుట్టూ పనిచేస్తుంది, కాలనీ దాటితే పనిచేయదు. మా ఇళ్ళలో అష్టాచెమ్మా ఆడేవాళ్ళు ఏ అచ్చు పుస్తకమూ చూసుకోరు. అయినా అడ్డగీతలు గీసిన గడిలో కూర్చున్న పావును చంపకూడదని ఆరేళ్ళ పిల్లకూ తెలుసు. పావు ఆ గడిలోకి వచ్చిందా లేదా అన్నదే లెక్క, వస్తున్న పావు అనేది ఆ ఆటలో లేదు. తరతరాలుగా నోటి మాటగా వచ్చిన ఆటలో ఉన్న స్పష్టత, తొమ్మిది వేలు పోసి కొన్న ఆటలో ఉండాలని కోరడం అత్యాశ కాదు.

ఇది చేయలేని పని కూడా కాదు. 1973లోనే అమెరికాలో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ సంస్థ ట్రైప్లానెటరీ అనే ఆటను తెచ్చింది. పటం మీద పెన్సిలుతో వేగపు గీతలు గీసుకుంటూ ఆడే ఆట అది. అందులో గురుత్వ గడి ప్రభావం ఏ వంతులో పడుతుందో చెప్పారు. దిగాలంటే ముందు కక్ష్యలో ఉండాలి, ఆపైన ఒక ఇంధనం ఖర్చు పెట్టాలి. ఎగిరేటప్పుడు బూస్టర్లు నౌకను స్థావరం పైనున్న గడిలోకి చేరుస్తాయి. ఇంతే. 2018లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ దాన్ని మళ్ళీ ముద్రించింది, అంటే ఆడేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ నియమాలు మీరు తీసుకోవాలని అనడం లేదు. కక్ష్య అనే ఒక మెట్టు పెట్టడంతో దిగడం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేలిపోయిందని మాత్రం గమనించమంటున్నాను.

మా కోరికలు ఇవి:

1. పై ఐదు సందేహాలకూ లిఖితంగా, ఒక్కో దానికి విడివిడిగా జవాబు ఇవ్వాలి. ఆటగాళ్ళే తేల్చుకోవచ్చు అన్నది మీ అభిప్రాయమైతే, ఆ మాటనే రాసి ఇవ్వండి. కనీసం పోటీకి ముందు ఇరుపక్షాలూ తేల్చుకోవాలని మాకు తెలుస్తుంది.

2. ఒక నౌక గురుత్వ గడిలోకి రావడం, దిగడం, మళ్ళీ ఎగరడం, ఈ మొత్తాన్ని వంతు వంతుకూ బొమ్మలతో, వేగం, ఇంధనం అంకెలతో చూపే ఉదాహరణ కావాలి. వంద వాక్యాలు చెప్పలేనిది ఆ ఒక్క పేజీ చెబుతుంది.

3. ఆ సవరణ పేజీని ఉచితంగా అందించాలి. దాని మీద తేదీ వేయాలి. పెట్టె కొన్నవాళ్ళు కొత్త ముద్రణ మళ్ళీ కొనాల్సిన అవసరం రాకూడదు.

4. వెనక అట్ట మీది పట్టికలో ఉపగ్రహాల వరస చేర్చాలి.

5. మేం చేసుకున్న తెలుగు నిబంధనల ప్రతిని అమ్మకుండా, ఉచితంగా ఇతర గ్రంథాలయాలకు, బడులకు ఇవ్వడానికి అనుమతి ఇవ్వాలి. రెండు జిల్లాల నుంచి ఉపాధ్యాయులు అడిగారు. మీ అనుమతి లేదు కాబట్టి ఇవ్వలేదు. తప్పుడు అర్థంతో పంచడానికి మనసూ ఒప్పలేదు.

మీకు పని తగ్గించడానికి ఒక ముసాయిదా కూడా జత చేస్తున్నాం. పిల్లలే రాశారు. గురుత్వం అంకానికి ముందు వేగం సున్నాగా ఉన్న నౌక, ఒక బిళ్ళ ఖర్చు పెట్టి దిగుతున్నట్టు ప్రకటిస్తుంది. అలా ప్రకటించిన నౌకకు 14వ పేజీలోని ధ్వంస నియమం వర్తించదు. ఆ వంతు కాల్పులు ముగిసేదాకా అది దిగుతున్న నౌక, దానిపై కాల్చవచ్చు. తర్వాతి వంతు మొదటినుంచి అది దిగిన నౌక, కాల్చకూడదు. నాలుగు వాక్యాలు. మీరు దీన్ని తిరగరాయవచ్చు, పూర్తిగా తోసిపుచ్చి ఎదురు అర్థాన్ని నియమం చేయవచ్చు. ఆ తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చినా పాటిస్తాం.

ఇతర ఊళ్ళలో, ఇతర దేశాల్లో ఈ ఆట ఆడుతున్న తెలుగువాళ్ళకు కూడా ఒక మనవి. మీ బల్ల దగ్గర 31వ పేజీని ఎలా అర్థం చేసుకుంటున్నారో ప్రచురణకర్తలకు మీరూ ఒక ఉత్తరం రాయండి. ఒక్క గ్రంథాలయం రాస్తే మూల పడేసిన ఉత్తరాన్ని ఇరవై చోట్ల నుంచి వస్తే చదువుతారు.

ఆ అమ్మాయి ఏడో ఆదివారం తిరిగి వచ్చింది. వచ్చీ రాగానే పుస్తకం తీసుకుని ఆ పేజీలో పెన్సిలుతో ఏదో రాసి వెళ్ళి కూర్చుంది. పైన ఇచ్చిన ముసాయిదాలో ‘దిగుతున్న నౌక, దానిపై కాల్చవచ్చు’ అనే వాక్యం ఆమెదే. తాను ఓడిపోయిన అర్థాన్నే ఎందుకు రాశావని అడిగితే, అలా ఉంటేనే ఆట బాగుంటుంది, అయితే అది ముందే రాసి ఉండాలి అంది.

వచ్చే సంక్రాంతి పోటీకి పేర్ల నమోదు డిసెంబరు 1న మొదలవుతుంది. ఈసారి ఆరు కాలనీలు వస్తున్నాయి. ఆ తేదీలోగా మీ జవాబు అందితే, దాన్ని తెలుగులో రాసి ప్రతి బల్ల మీదా పెడతాం. అందకపోతే ఉపగ్రహాల మీద ముగిసే నాలుగు ఘట్టాలనూ పోటీ నుంచి తీసేయాలని పిల్లలూ పెద్దలూ కలిసి నిర్ణయించాం.

ఇట్లు,
ఆదివారం బల్ల ఆటగాళ్ళ తరఫున
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు